శ్రుతి పోరు పద్యము: టీకా తాత్పర్య విశేషములతో

అవతారిక

ఆమదాలవలసలో స్టేషనుకి కూతవేటు దూరంలో హార్మోనియం రిపేరు కొట్టు ఒకటుంది. దానికి బోర్డు లేదు. హార్మోనియం వాయించేవాళ్ళకి బోర్డు అక్కర్లేదు, వాయించనివాళ్ళకి కొట్టే అక్కర్లేదు. నాటక సమాజాల పెట్టెలు, భజన మందిరాల పెట్టెలు, చర్చి పెట్టెలు, తిత్తి చిరిగినవి, మెట్లు పట్టేసినవి, గొంతు పోయినవి అన్నీ ఇక్కడికే చేరతాయి. ఊళ్ళలో సంబరాలు దగ్గర పడితే బల్ల మీద చెయ్యి పెట్టడానికి చోటుండదు. ఆ కొట్టు గోడకి, పాత క్యాలెండరు అట్ట తిరగేసి నీలం సిరాతో రాసిన ఆటవెలది ఒకటి వేలాడుతోంది. కింద కవి పేరు లేదు. అడిగితే కొట్టాయన “ఎవరో పంతులుగారు రాసిచ్చీసినారు బావూ” అంటాడు. అంతకు మించి చెప్పడు.

మనుచరిత్రకి టీకలున్నాయి. వసుచరిత్రకి ఉన్నాయి. వావిళ్ళవారు అచ్చువేసిన కావ్యాల్లో మూలం కన్నా టీకే లావు. రోజూ నలుగురు చదివి, చదివినవాళ్ళలో ఇద్దరైనా దాని ప్రకారం నడుచుకునే ఈ పద్యానికి మాత్రం టీక లేదు. ఆ లోటు తీర్చడానికే ఈ పూనిక. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ కోలాచలం మల్లినాథ సూరి నియమం పెట్టుకున్నాడు. ఆయన మహానుభావుడు. ఈ టీకాకారుడికి అంత నిగ్రహం లేదు.

మూలము

శ్రుతిని గూర్చి పోరు చూపఁగోరెడివారు
వెలికి నడచి పోరి వెనుక రండు
పెట్టె మీది, చెవులు పెక్కు, రేకొక్కటే
రాచినంత తిరిగి రాదు రేకు

ఛందస్సు

ఆటవెలది. గణాలు సరిపోయాయి. మొదటి పాదంలో శ్రు అక్షరానికీ చూ అక్షరానికీ యతి ఎలా కుదిరిందని అడిగేవారుంటారు. శకార చకారాలకి యతిమైత్రి ఉందని లక్షణ గ్రంథాలు ఒప్పుకున్నాయి. దీని మీద కూడా కొట్టులో ఒకసారి మాటా మాటా పెరిగిందట. అదీ బయటే తేలింది.

ప్రతిపదార్థము

శ్రుతిని గూర్చి = శ్రుతి విషయమై; పోరు = కలహమును; చూపఁగోరెడివారు = ప్రదర్శింప నిచ్ఛగించువారు; వెలికి నడచి = కొట్టు గుమ్మము దాటి; పోరి = తనివి తీర కలహించి; వెనుక = పిమ్మట; రండు = మరల లోనికి విచ్చేయుఁడు; పెట్టె = హార్మోనియము; మీది = మీ సొత్తు; చెవులు = వినెడి ఇంద్రియములు; పెక్కు = అనేకములు; రేకు = ఇత్తడి రీడు; ఒక్కటే = ఒకటి మాత్రమే; రాచినంత = ఆకురాయితో అరగదీసిన మాత్రమున; రేకు = ఆ ఇత్తడి; తిరిగి రాదు = మరల లభింపదు.

తాత్పర్యము

శ్రుతి తక్కువయిందనీ ఎక్కువయిందనీ జగడమాడ దలచినవారు కొట్టు బయటికి వెళ్ళి ఆ ముచ్చట తీర్చుకొని రావలసినది. పెట్టె ఎవరిదైనా, వినేవారు ఎందరైనా, ఆకురాయి కింద ఉన్న రేకు ఒక్కటే గనుకనూ, అరిగిన ఇత్తడి మళ్ళీ మొలవదు గనుకనూ, ఆ సమయమున లోపల జగడము పనికిరాదని భావము.

విశేషములు

“శ్రుతిని గూర్చి”

శ్రుతి అంటే వేదమని మొదటి అర్థం. ఆ అర్థంలో ఈ కొట్టులో ఎప్పుడూ తగాదా రాలేదు, ఇద్దరికీ తెలియని విషయం మీద తగాదా రాదు గనక. కాబట్టి రెండో అర్థమే గ్రాహ్యం. హార్మోనియం మీద షడ్జం పెట్టుకునే మెట్లకి మనవాళ్ళు అంకెలు ఇచ్చుకున్నారు. సి అనే తెల్ల మెట్టు ఒకటి. పక్క నల్లది ఒకటిన్నర. ఆ పై తెల్లది రెండు. ఇలా ఏడు దాకా. మూడుకీ నాలుగుకీ నడుమ నల్ల మెట్టు లేదు గనక మూడున్నర శ్రుతి లేదు. నాటకంలో కృష్ణుడు “నాది ఐదు” అంటాడు, అర్జునుడు “నాది నాలుగున్నర” అంటాడు, చెప్పుల సైజు చెప్పినట్టు. పద్యం పద్యానికీ మెట్టు మార్చుకుంటూ తెల్లవారేదాకా ఇద్దరినీ మోసుకుపోయేవాడు హార్మోనిస్టు.

ఇంత లెక్కగా ఉన్నదానికి పోరెందుకు? లెక్కలు రెండు ఉండబట్టి. తంబూరా మంద్ర షడ్జం మీటి చెవి పెడితే అందులోంచి ఎవరూ మీటని గాంధారం ఒకటి తనంత తానే పలుకుతుంది. హార్మోనియం గాంధారం అది కాదు. హార్మోనియంలో ఒక స్థాయిని పన్నెండు సమానమైన వాటాలు చేసి పన్నెండు మెట్లకి పంచారు. అన్నదమ్ముల పంపకంలో కూడా అంత సమానం కుదరదు. 1885లో అలెగ్జాండర్ ఎల్లిస్ అనే ఇంగ్లీషు పండితుడు ఆ వాటా ఒక్కోటి నూరు సెంట్లని కొలత కట్టాడు. ఆ కొలతలో హార్మోనియం గాంధారం 400 దగ్గర ఉంటే తంబూరా పలికే గాంధారం సుమారు 386 దగ్గర ఉంది. పద్నాలుగు సెంట్ల తేడా. పంచమం దగ్గర తేడా రెండు సెంట్లే, దాని జోలికి ఎవరూ పోరు. కొట్టులో జరిగిన పోరాటాలు చాలామట్టుకు గాంధార దేశంలోనే జరిగాయని గ్రహించేది.

రెండో పేచీ ఫోను తెచ్చిపెట్టింది. ఫోనులో శ్రుతి చూసే యాప్ ఉంటుంది. మెట్టు నొక్కితే ముల్లు కదిలి, ఎక్కువో తక్కువో చెప్తుంది. అది ఆరో శ్రుతికి, అంటే ఇంగ్లీషు ‘ఏ’ మెట్టుకి, సెకనుకి 440 కంపనాలని పట్టుకు కూచుంటుంది. ఈ 440 అనాదిగా ఉన్న అంకె కాదు. 1939లో లండన్లో పలు దేశాలవాళ్ళు కూచుని ఒప్పుకున్న అంకె. అంతకు ముందు 1859లో ఫ్రాన్సు ప్రభుత్వం 435 అని శాసించింది. ఆ 435 ప్రకారం చేసిన పాత ఫ్రెంచి పెట్టె ఒకటి ఏ జమీందారీ ఇంటి అటక మీంచో దిగి వస్తే, యాప్ దృష్టిలో అందులోని ప్రతి రేకూ అపరాధే. ఇరవై సెంట్లు తక్కువ. పెట్టె మాత్రం తనలో తాను చక్కగా కలిసే ఉంటుంది.

“పోరు చూపఁగోరెడివారు”

పద్యంలో గట్టి మాట ఇది. కవి “పోరువారు” అని ఊరుకోలేదు. “చూపఁగోరెడివారు” అన్నాడు. అభిప్రాయం తేడా ఉన్నవాడు వేరు, తేడాని నలుగురికీ చూపించాలనుకున్నవాడు వేరు. మొదటివాడికి లోపల స్టూలు వేస్తారు. రెండోవాడికే ఈ పద్యం.

ఉదాహరణ. బల్ల మీద ఒక పెట్టె గుల్ల విప్పి ఉంది. కొట్టాయన రేకు కింద సన్నటి ఉక్కు పట్టీ దూర్చి, ఆకురాయితో రెండు సార్లు రాసి, ఉఫ్ఫని ఊది, తిత్తి కదిపి విన్నాడు. పక్కన నాటకాల హార్మోనిస్టు ఒకాయన, భజన బృందం కుర్రాడొకడు తమ తమ పెట్టెల కోసం కూచున్నారు. కుర్రాడు ఫోను ఎత్తి చూపించాడు.

“సూడండి మాస్టారూ, ముల్లు ఎడం పక్కకి పోతంది. తక్కువుంది.”

“ముల్లు నీ ఫోనులో పోతంది నాయినా. నా సెవిలో పోలేదు.”

“సెవి అందరికీ ఒక్కలాగుంటాదేటండి?”

“ఉండదు కాబట్టే నన్ను పిలస్తన్నారు, నీ ఫోన్ని పిలవట్లేదు.”

ఇంతవరకు శ్రుతి చర్చే. బాగానే ఉంది. మాస్టారు మీసం తడిమి ఇంకో మాట అన్నారు: “నువ్వు పుట్టకముందు బట్టీ ఈ పెట్టెలు నేను వాయిస్తన్నాను.” కుర్రాడు ఊరుకోలేదు. “అందుకే మీ నాటకాలకి జనం రాట్లేదు” అన్నాడు. ఆకురాయి ఆగింది. కొట్టాయన ఇద్దరి వంకా చూడలేదు, పల్లెత్తు మాట అనలేదు. చేతిలో ఉన్న ఆకురాయితోనే గోడ మీద అట్ట చూపించాడు.

ఇక్కడ టీకాకారుడి లక్షణ వాక్యం ఒకటి: శ్రుతి చర్చలో వయసు ప్రస్తావన వచ్చిన చోట శ్రుతి ముగిసి పోరు మొదలైందని తెలుసుకోవాలి. గురువుగారి పేరు వచ్చినా అంతే. ఊరి పేరు వస్తే చెప్పనే అక్కర్లేదు.

“వెలికి నడచి”

వెలి అనగా ఎక్కడ? గుమ్మానికీ మురుగు కాలువకీ మధ్య ఒక బల్ల, దాని పక్కన టీ బండి. అదే వెలి. బండి ఆయనకి శ్రుతి అంటే ఏమిటో తెలియదు. అదే ఆయన అర్హత. తెలిసినవాడు మధ్యవర్తిగా కూచుంటే మూడో పక్షం తయారవుతుంది. ఇద్దరూ చెప్పేది ఆయన మొదటినుంచీ వినాలి, వాళ్ళు మొదటినుంచీ చెప్పాలి. గాంధారం అంటే ఏమిటో టీ బండి ఆయనకి చెప్పే ప్రయత్నంలో సగం కోపం ఖర్చయిపోతుంది. మిగతా సగం టీ చల్లారేలోగా పోతుంది.

“నడచి” అనడంలో స్వారస్యం ఉంది. తోసేస్తే వెళ్ళమని కాదు, నడిచి వెళ్ళమని. గెంటించుకున్నవాడు తిరిగి రావడానికి మొహం చెల్లదు. తన కాళ్ళ మీద వెళ్ళినవాడికి ఆ చిక్కు లేదు.

అప్పుడప్పుడు హౌరా లైను మీద గూడ్సు వెళ్తుంది. లోపల శ్రుతి ఆగుతుంది, బయట పోరు ఆగుతుంది. ఆ నాటకాల మాస్టారూ కుర్రాడూ బయట నిలబడి ఉండగా ఇంజను కూత పెట్టింది. “ఐదు” అన్నారు మాస్టారు. “ఐదున్నర” అన్నాడు కుర్రాడు. ఫోను తీసేలోపు బండి దాటిపోయింది. తగాదా ఇంకా అలాగే ఉంది కానీ అది ఇప్పుడు రైల్వేవారి మీద.

రైలు మాట వచ్చింది గనక ప్రసక్తానుప్రసక్తం. ఊరు ఆమదాలవలస. స్టేషను పేరు శ్రీకాకుళం రోడ్. దిగినవాడు శ్రీకాకుళం వచ్చేశాననుకుని చూస్తే శ్రీకాకుళం ఇంకా బస్సెక్కి పోవాల్సిన దూరంలో ఉంటుంది. బ్రిటిషువాళ్ళ కాలంలో చికకోల్ రోడ్. ఇంట్లో ఒక పేరు, బడిలో ఒక పేరు ఉన్న పిల్లాడి పాటి కోపం కూడా తెచ్చుకోకుండా ఈ ఊరు ఇన్నేళ్ళుగా రైళ్ళెక్కుతోంది, దిగుతోంది. ఇలాంటి ఊళ్ళో ఇలాంటి పద్యం పుట్టడం వింత కాదని ఒక మతం.

“పోరి”

కవి పోరవద్దనలేదు. పోరి రమ్మన్నాడు. పోరకుండా వచ్చినవాడి కడుపులో అది ఉండిపోయి, పెట్టె పట్టుకెళ్ళాక నాలుగూళ్ళు చెప్తాడు. కొట్టుకి ఆ చేటు కన్నా ఈ కేక మేలు.

“వెనుక రండు”

వెనుక అనగా తరువాత. పెరటి గుమ్మమని అర్థం చేసుకుని వెనకవైపు నుంచి వచ్చినవారొకరున్నారు. ఆ అర్థం సమ్మతం కాదు.

వ్యాకరణం దగ్గర ఆక్షేపం: “వారు” అని ప్రథమ పురుషలో ఎత్తుకుని “రండు” అని మధ్యమ పురుషలో ముగించడం దోషం కాదా? చిన్నయసూరి ఒప్పుతాడా? సమాధానం: కలహించేటప్పుడు వాళ్ళు “వారు”. తిరిగి వచ్చేటప్పటికి “మీరు”. కవి తెలిసే చేశాడు.

పాఠాంతరం. ఒక రోజు పొద్దున్న చూస్తే “రండు” మీద పెన్సిలుతో కొట్టేసి “రాకు” అని దిద్ది ఉంది. “వెలికి నడచి పోరి వెనుక రాకు.” గణాలకి ఏ భంగమూ లేదు. అందుకే ఈ పాఠం ప్రమాదకరం. ఛందస్సు సరిపోయిన ప్రతి మాటా సరైనదేనని నమ్మేవాళ్ళున్నారు. బహువచనానికి ఏకవచన క్రియ అతకదన్నది పైకి చెప్పే అభ్యంతరం. అసలు అభ్యంతరం కొట్టాయన చేసి చూపించాడు: రబ్బరుతో చెరిపి, సిరాతో మళ్ళీ “రండు” దిద్దాడు. దిద్దిన చోట అట్ట కొంచెం లేచి ఉంటుంది, చూడవచ్చు.

“రాకు” పాఠాన్ని నమ్ముకున్న పెద్దలు చరిత్రలో లేకపోలేదు. ఆలిండియా రేడియో హార్మోనియాన్ని 1940 మార్చిలో వెలికి నడిపించింది. అప్పటి అధిపతి లయొనెల్ ఫీల్డెన్. అక్కడ పాశ్చాత్య సంగీత విభాగం చూసే జాన్ ఫౌల్డ్స్ అనే ఇంగ్లీషు స్వరకర్త 1938లోనే ఆ పెట్టెని తిడుతూ వ్యాసం రాశాడు. రవీంద్రనాథ్ ఠాకూర్ కూడా తోడయ్యాడు. వాళ్ళ వాదంలో పస లేకపోలేదు: హార్మోనియంలో స్వరం నుంచి స్వరానికి జారడం కుదరదు, గమకం పలకదు, సమానంగా పంచిన మెట్లు మన రాగాలకి సరిపడవు. అంతా నిజమే. కానీ వాదం నెగ్గగానే పెట్టెని గెంటేశారు. విజయవాడ కేంద్రం 1948లో మొదలయ్యేసరికి కూడా ఆ వెలి అలాగే ఉంది. 1971 దాకా సడలలేదు, సడలినప్పుడైనా షరతుల మీదనే. ఆటవెలది రెండో పాదంలో సగం చదివి, మిగతా సగం చదవడానికి ఢిల్లీకి ముప్ఫై ఒక్క సంవత్సరాలు పట్టిందని తాత్పర్యం. ఆ మధ్య కాలంలో హార్మోనియం ఏమైనా చచ్చిపోయిందా? పాండవోద్యోగ విజయాలూ హరిశ్చంద్రా ఆడిన ప్రతి పందిట్లోనూ మోగుతూనే ఉంది.

“పెట్టె మీది”

ఈ మాట వినయానికి అన్నది కాదు. పెట్టె మీది గనక ఏ శ్రుతికి కావాలో చెప్పే హక్కు మీది, చెప్పాక తేడా వస్తే బాధ్యతా మీది అని ధ్వని. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి వెళ్ళాక చెక్క ఉబ్బి, తోలు కుళ్ళి వచ్చిన పెట్టెల ముందు ఈ పద్యం ఎవరూ చదవలేదట. ముందు పలికితే చాలన్నారు.

“చెవులు పెక్కు”

చెవులు పెక్కు కావడం ఆమదాలవలసలో మొదలైన జబ్బు కాదు. 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబాఁ హార్మోనియానికి పేటెంటు తీసుకున్నాడు. ఇరవై ఒక్క ఏళ్ళు తిరిగేసరికి జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ అనే శాస్త్రవేత్త తన 1863 నాటి గ్రంథంలో సమాన విభాగపు హార్మోనియం చెవికి కటువుగా ఉందని వాపోయి, తన చెవికి సరిపడేలా వేరే పెట్టె చేయించుకున్నాడు. కాళ్ళతో తొక్కే పెట్టెని కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ చేత్తో విసిరే పెట్టెగా మార్చాక కింద కూచుని వాయించే దేశమంతా దాన్ని ఎత్తుకుంది. తగాదా కూడా దాని వెంటే వచ్చింది.

1916లో బరోడాలో గాయక్వాడ్ మహారాజు ఆదరణలో, సంగీత పండితుడు భాత్‌ఖండే పూనికతో అఖిల భారత సంగీత మహాసభ జరిగింది. స్థాయికి శ్రుతులు ఇరవై రెండని దేవల్ అనే ఆయన లెక్క. ఆ లెక్క నమ్మిన క్లెమెంట్స్ అనే ఐసీఎస్ దొర ప్రత్యేకంగా చేయించిన శ్రుతి హార్మోనియం తెచ్చి పెట్టాడు. కాదు, ఇరవై నాలుగని తంజావూరు నుంచి వెళ్ళిన అబ్రహాం పండితర్ వాదించాడు. దేశంలోని మేధావులందరూ ఉన్న సభ. అక్కడ టీ బండి ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించడమే. లోపలే పోరారు. తేలలేదు. నూరేళ్ళు దాటింది, ఇంకా తేలలేదు.

మన వైపు చూద్దాం. సాలూరు చిన గురువుగారు పట్రాయని సీతారామశాస్త్రి హార్మోనియం తనే వాయించుకుంటూ పాడినవారు. విజయనగరం సంగీత కళాశాలలో పాఠం చెప్పారు. ఘంటసాలకి గురువు. అదే కళాశాలకి ఫిడేలు నాయుడుగారు ద్వారం వెంకటస్వామి నాయుడు అధ్యక్షులు. మెట్లే లేని వాయిద్యం ఒకరిది, మెట్లు తప్ప మరేమీ లేని వాయిద్యం ఒకరిది. సిద్ధాంత రీత్యా చూస్తే ఒక ప్రహరీ లోపల ఇమడకూడదు. ఇమిడాయి. పిల్లలు రెండు గదుల్లోంచీ విని బాగుపడ్డారు. హార్మోనియం పనికిరాదని చెప్పే వ్యాసాలకి చిన గురువుగారు సమాధానం రాశారో లేదో గానీ ఘంటసాలని మాత్రం ఇచ్చారు.

మరి చెవులు పెక్కయినప్పుడు కొట్టాయన ఏం చేస్తాడు? బయటికి వెళ్ళి వచ్చిన ఇద్దరినీ కూచోబెట్టి ఒక ప్రశ్న వేస్తాడు: “ఎవుల్తో వాయిస్తారు?” కుర్రాడి భజన బృందంలో కీబోర్డు ఉంది. దాని 440ని ఎవరూ రాయలేరు, కాబట్టి పెట్టే దానితో కలవాలి, యాప్ చెప్పిందే రైటు. మాస్టారి నాటకంలో పెట్టె తప్ప వేరే శ్రుతి లేదు. నటుడు దాన్నే విని అందుకుంటాడు. అక్కడ ముల్లు ఎటు పోతే ఎవరికి? పెట్టె తనలో తాను కలిసి ఉండాలి, మాస్టారు చెప్పిందే రైటు. అందరూ ఒకే ప్రశ్నకి దెబ్బలాడుతున్నామనుకున్నారు. ప్రశ్నలు రెండు.

అప్పటికీ బిగుసుకుంటే ఇంకో ఉపాయం ఉంది. రెండు వరసల పెట్టెలో ఒక మెట్టు కింద జత రేకులు పలుకుతాయి. అవి సరిగ్గా కలవకపోతే నాదం ఊగుతుంది. ఒకటి 440, దాని జత 442 అయితే సెకనుకి రెండు ఊపులు. కొట్టాయన మెట్టు నొక్కి పట్టి “మాటాడకండి, లెక్కెట్టండి” అంటాడు. మాస్టారు కళ్ళు మూసుకుని వేళ్ళ మీద లెక్క పెడతారు. కుర్రాడు బల్ల మీద వేలితో కొడతాడు. ఇద్దరి లెక్కా ఒకటే వస్తుంది, ప్రతిసారీ. ఎక్కడ ఉండాలన్న దాని మీద చెవులు పెక్కు. ఊగుతోందా లేదా అన్నదాని మీద చెవి ఒకటే. పని ఇక్కణ్ణుంచి మొదలవుతుంది.

“రేకొక్కటే”

ఆక్షేపం: రెండు వరసల పెట్టెలో ఎనభై దాకా రేకులుంటాయి, ఒక్కటే అనడం అసత్యం. సమాధానం: ఆకురాయి కింద ఎప్పుడూ ఒక్కటే. గుజరాత్‌లోని పాలిటానా నుంచి ఎన్ని వచ్చినా, పాత జర్మనీ సరుకైనా, ఇప్పుడు ఉక్కు పట్టీ మీద పడుకుని ఉన్నది ఒక్కటి. చర్చ దాని గురించి, సంగీతం గురించి కాదు.

“రాచినంత తిరిగి రాదు రేకు”

రేకు మొన దగ్గర రాస్తే అది తేలికై వేగంగా ఊగి శ్రుతి పెరుగుతుంది. మొదలు దగ్గర రాస్తే బలం తగ్గి శ్రుతి దిగుతుంది. ఇది తెలిసిన ఒక హార్మోనిస్టు లేవదీసిన ఆక్షేపం: ఎక్కువైతే మొదట్లో రాసి దించవచ్చు, తక్కువైతే మొనలో రాసి ఎక్కించవచ్చు, ఇక తిరిగి రానిదేముంది? కవికి పనితనం తెలియదు.

కవికి తెలుసు. తిరిగి వచ్చేది శ్రుతి. రేకు కాదు. పద్యంలో “రాదు శ్రుతి” అని లేదు. అటొకసారి ఇటొకసారి, మాస్టారి మాట మీద ఒక రాపు, కుర్రాడి మాట మీద ఒక రాపు వేస్తూ పోతే శ్రుతి అక్కడక్కడే తిరుగుతూ ఉంటుంది, ఇత్తడి మాత్రం ప్రతిసారీ పొడై బల్ల మీద పడుతుంది. పల్చబడ్డ రేకు గొంతు పీలగా పలుకుతుంది. చివరికి ఏ సంబరంలోనో, ఏ వన్స్‌మోర్ పద్యంలోనో, ఠప్పున తెగుతుంది. పైగా రాపుడికి రేకు వేడెక్కుతుంది. వేడి మీద విన్న శ్రుతి చల్లారాక ఉండదు. అందుకే అనుభవం ఉన్నవాడు రాసి, వదిలేసి, ఇంకో రేకు చూసుకుని, మళ్ళీ దీని దగ్గరికి వస్తాడు. పక్కన ఇద్దరు అరుస్తుంటే ఆ ఓపిక ఉండదు, ఇంకో రాపు పడుతుంది.

పియానో శ్రుతి చేసేవాళ్ళకి ఈ భయం తక్కువ. వాళ్ళ పెట్టెలో రెండు వందల ముప్ఫై దాకా తీగలు, ఒక్కో తీగకి ఒక్కో మేకు. మేకు ఎక్కువ తిప్పితే వెనక్కి తిప్పుకోవచ్చు. వాళ్ళలోనూ చెవి పక్షం, యంత్రం పక్షం ఉన్నాయి. తమ తమ శ్రుతుల మీద తీరుబడిగా దెబ్బలాడుకుంటారు. తీగ ఓర్చుకుంటుంది. ఇత్తడికి ఆ సౌకర్యం లేదు.

అలంకారము

రేకు అంటే మనసనీ, రాపిడి అంటే పరుష వాక్యమనీ, ఒకసారి గాయపడ్డ మనసు తిరిగి రాదని కవి హృదయమనీ, కాబట్టి ఇది అన్యాపదేశమనీ ఒక రిటైరైన తెలుగు మాస్టారు కొట్టులోనే వ్యాఖ్యానించారు. విన్నవాళ్ళు తలలూపారు కూడా. ఈ టీకాకారుడికి అది సమ్మతం కాదు. రేకు అంటే రేకే. కవి రోజూ చూసే వస్తువు గురించి ఉన్నదున్నట్టు చెప్పాడు. అలంకారం స్వభావోక్తి. మనసులు ఒక్కోసారి తిరిగి వస్తాయి. ఆ మాస్టారూ ఆ కుర్రాడూ ఇప్పుడు ఒకే ఆటోలో పెట్టెలు తెచ్చుకుంటున్నారు. కుర్రాడి ఫోను మాస్టారి చేతిలో ఉంటుంది, ముల్లు ఎటు పోతోందో ఆయనే చూసి చెప్తారు. ఇత్తడి ఒక్కసారీ రాలేదు.

తెలుగు మాస్టారు ఈ వాదం ఒప్పుకోలేదు. ఆయనా నేనూ వెలికి నడిచాం.

ఫలశ్రుతి

ఈ టీక చదివినవారు రిపేరుకి పెట్టె పట్టుకెళ్ళేటప్పుడు మూడు సంగతులు కాగితం మీద రాసి తిత్తి మడతలో పెట్టండి: ఏ శ్రుతి దగ్గర ఎక్కువ వాయిస్తారు, పక్కన ఏ వాయిద్యం ఉంటుంది, మీ పెట్టె రేకులు ఇదివరకు ఎవరు రాశారు. నోటితో చెప్పకండి, పక్కన ఇంకొకరు కూచుని ఉంటారు. బయట టీ డబ్బులు ఎవరివి వారే ఇచ్చుకోవాలి.